మొక్కు అని నేనే చెప్పాను

మీ కొడుకు ఇంకొకరి కొడుకును స్తంభానికి కట్టేశాడని తెలిస్తే మీరేం చేస్తారు?

తొందరపడి జవాబు చెప్పకండి. ఒకప్పుడు నేనూ తొందరగానే చెప్పేవాణ్ని. వేదికలెక్కి మరీ చెప్పేవాణ్ని. చదువుకునే రోజుల్లో హేతువాద సంఘంలో తిరిగాను. చేతబడి చేస్తున్నారని మనుషుల్ని కొట్టిన ఊళ్లకు వెళ్లి, ఆ కొట్టినవాళ్ల మధ్యే నిలబడి మాట్లాడాను. గాలిలోంచి విభూతి తీసే బాబాల కిటుకు నా చేతులతోనే చేసి చూపించాను. ఇంజనీరింగ్ కాలేజీలో ర్యాగింగ్‌కు వ్యతిరేకంగా గోడపత్రిక అంటించి సీనియర్ల చేత దెబ్బలు తిన్నాను. అన్యాయం చూసి నోరు మూసుకున్నవాడు ఆ అన్యాయంలో వాటాదారు అని ఎన్ని సభల్లో అన్నానో గుర్తు లేదు.

ఇప్పుడా మాట తలుచుకుంటే భయం వేస్తుంది. నేను నోరు మూసుకోలేదు. అంతకన్నా ఘోరం చేశాను. ఒక తల్లి నోరు మూయించడానికి నా నోరు తెరిచాను. జీవితమంతా వాదించి సంపాదించుకున్న నేర్పు ఒక సాయంత్రం ఆమె మీద ప్రయోగించి గెలిచాను. అంత సులువుగా నేనెప్పుడూ గెలవలేదు.

ఇది ఏళ్లుగా మోస్తున్న బరువు. ఎలాంటిదో చెబుతాను. ఈ దేశానికి వలస వచ్చిన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పుడప్పుడు ఒక వార్త వస్తుంది, మన కుర్రాడెవరో పోయాడని. ఊరు చూడను, కారణం చూడను, ముందు పేరు వెతుకుతాను. నేను భయపడే పేరు కాకపోతే ఊపిరి పీల్చుకుంటాను. ఎవరి బిడ్డో చనిపోయాడన్న వార్త చదివి ఊరట పొందే మనిషినయ్యాను. ఇది మీతో చెబుతున్నాను, నా భార్యతో కూడా చెప్పలేదు.

నా పేరు రాయడం లేదు. రాస్తే ఆ పిల్లవాడెవరో తెలిసిపోతుంది, ఆ సంగతి చెప్పే హక్కు నాకు లేదు. ఇది ఒక కారణం. నాకింకా భయంగా ఉండటం రెండో కారణం. రెండూ నిజమే. కింద రాసిన పేర్లు మార్చాను.

అప్పుడు మేం బ్రాంప్టన్‌లో ఉండేవాళ్లం. నేను ఓక్‌విల్ దగ్గర ఇంజనీరుగా పనిచేసేవాణ్ని. మా కార్తీక్ హైస్కూలు ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడేవాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే బంతాట కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకు కవచాలు తొడుక్కుని, ఒకరినొకరు గుద్ది కింద పడేసే ఆట. మన పిల్లలు అందులో తక్కువ. మావాడు చేరినప్పుడు నేను పొంగిపోయాను. కులం, మతం, ఊరు చూడకుండా భుజం భుజం కలిపి ఆడే ఆట అని అందరికీ చెప్పుకున్నాను.

బడి తెరవడానికి ముందు, వేసవి చివర, టీమ్ అంతా ఉత్తరాన ఒక సరస్సు పక్కన క్యాంపుకు వెళుతుంది. కార్తీక్ చేరిన మొదటి ఏడాది ఆ క్యాంపు నుంచి గుండుతో తిరిగొచ్చాడు. ఏమిట్రా అంటే, టీమ్‌లో కొత్తవాళ్లందరం చేయించుకున్నాం, ఒకరికొకరం తోడుగా, అన్నాడు. నేను ఇంకొక ప్రశ్న అడగలేదు. ప్రశ్నించడమే నా మతం అని చెప్పుకునేవాణ్ని, నా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒక్క ప్రశ్నతో ఆగిపోయాను. పైగా ఏం చేశానో తెలుసా? ఆ ఏడాది బతుకమ్మ పండుగకు తెలుగువాళ్లు నన్ను మాట్లాడమంటే, మైకు పట్టుకుని మొక్కుల మీద విరుచుకుపడ్డాను. మనం రాయికి జుట్టిస్తాం, ఇక్కడి పిల్లలు స్నేహానికి ఇస్తారు, మా అబ్బాయిని చూడండి అన్నాను. చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న మావాడు తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుని మురిసిపోయాను.

మరుసటి ఏడాది మా వీధి చివర బేస్‌మెంట్‌లో అద్దెకుండే సరళ కొడుకు ప్రణీత్ టీమ్‌లో చేరాడు. తొమ్మిదో తరగతి. వాళ్లది కరీంనగర్ వైపు. తండ్రి ట్రక్కు నడుపుతాడు, నెలలో సగం రోజులు దారిలోనే. సరళ వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ పని. ప్రణీత్ బక్కపలచగా ఉంటాడు గానీ గాలిలా పరిగెత్తుతాడు. వాణ్ని టీమ్‌లో చేర్పించమని సరళకు నచ్చజెప్పింది నేనే. నేనున్నానుగా అన్నాను.

క్యాంపు ముగిశాక పిల్లల్ని తీసుకురావడానికి తల్లిదండ్రుల్లో కొందరం వ్యాన్లు వేసుకుని వెళ్లాం. నా వ్యాన్‌లో కార్తీక్, ప్రణీత్, ఇంకో ఇద్దరు ఎక్కారు. ప్రణీత్ ఆ ఎండలో తల మీదికి స్వెట్టర్‌కున్న హుడ్ లాక్కుని, చేతులు జేబుల్లో పెట్టుకుని వెనక మూలన కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ మాటిమాటికీ వాడి వైపు తిరిగి నవ్వుతున్నారు. దారిలో పెట్రోలు కోసం ఆగాం. నీళ్ల సీసాలు తీద్దామని వెనక తలుపు తెరిచాను. కార్తీక్ బ్యాగు జిప్పు సగం ఊడి ఉంది. అందులో నా గడ్డం ట్రిమ్మర్. ఇంట్లో కనబడకపోతే ఎక్కడ పెట్టానో అని వారంగా వెతుకుతున్నది. దాని పళ్ల మధ్య పొడుగాటి నల్ల వెంట్రుకలు.

కార్తీక్‌ను పక్కకు పిలిచాను. వాడు దాచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కొత్తవాళ్లని గాయాలకు చుట్టే తెల్ల టేపుతో వాలీబాల్ స్తంభానికి కడతారట. సగం తల గొరుగుతారట. బకెట్లతో సరస్సు నీళ్లు పోస్తారట. తర్వాత అందరూ భోజనానికి వెళ్లిపోతారట. ఏడవకుండా ఉన్నవాణ్ని ముందు విప్పి, మిగతా సగం కూడా గొరుగుతారట. ప్రణీత్ ఏడ్చాడు. అందుకని వాణ్ని చివర, సగం గుండుతోనే విప్పారు. అప్పటికి చీకటి పడిందట. కట్టింది ఎవరు అని అడిగాను. ఈసారి కొత్తవాళ్లను చూసుకునే పని నాది, పోయినేడాది నన్ను కట్టారుగా అన్నాడు.

ఆ క్షణంలో నాకు రెండు సంగతులు తెలిశాయి. నా కొడుకును కిందటేడు ఆ స్తంభానికే కట్టారు. నా కొడుకు ఈ ఏడు ఇంకొకణ్ని కట్టాడు. మొదటిది నన్ను ఏడిపించాలి, రెండోది నన్ను కదిలించాలి. నేను ఏడవలేదు, కదల్లేదు. నా బుర్రలో తిరిగినవి పోలీసులు, మావాడి యూనివర్సిటీ దరఖాస్తులు, ఊళ్లో నా పేరు. ఏ వరుసలో తిరిగాయో కూడా చెప్పనా? నా పేరే ముందు.

మిగతా ఇద్దరినీ వాళ్ల ఇళ్ల దగ్గర దింపి, కార్తీక్‌ను మా ఇంట్లో వదిలి, ప్రణీత్‌ను నేనే వాళ్లింటికి తీసుకెళ్లాను. వెళ్లే ముందు బ్యాగులోంచి ట్రిమ్మర్ తీసి జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నాను? సాక్ష్యం చూపించడానికా, దాచడానికా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. జవాబు నాకు తెలుసు. ఒప్పుకోవడం కష్టమై మళ్లీ మళ్లీ అడుగుతూ వచ్చాను.

సరళ వంటింట్లో ఉంది. కొడుకు హుడ్ వెనక్కి తీసింది. ఒక పక్క జుట్టు, ఒక పక్క బోడి, అక్కడక్కడా గాట్లు. తర్వాత వాడి చేతులు జేబుల్లోంచి లాగింది. మణికట్ల చుట్టూ తోలు ఊడి ఎర్రగా ఉంది.

"ఏందన్నా ఇది? ఎవడు చేసిండు?"

"పిల్లల ఆటలమ్మా. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి చేస్తారు. మావాడికీ చేశారు పోయినేడు."

"ఆటనా? ఆటల చేతులు గిట్లయితయా?"

"ఇక్కడ అంతే. దీన్ని పెద్దది చేస్తే వాడికే నష్టం. ఏడుపుగొట్టువాడని పేరు పడిపోతుంది."

"పడితె పడనీ. స్కూలు తెరువంగనె నేను పోత."

"పోయి ఏం చెబుతావు?"

"నాకు ఇంగ్లీషు రాకపాయె గని, చేతులు చూపిస్త. చేతులకు ఇంగ్లీషెందుకన్నా?"

అప్పుడు నేను ఆయుధం మార్చాను.

"మీ పీఆర్ ఇంకా రాలేదు కదూ?"

"రాలె. దానికి దీనికి ఏం సంబంధం?"

"సంబంధం ఉందని కాదు. స్కూలుకు వెళితే వాళ్లు పోలీసుల్ని పిలుస్తారు. పోలీసులొస్తే రిపోర్టు రాస్తారు. మీ పేర్లు అందులో ఉంటాయి. ఎక్కడ ఏది తగులుకుంటుందో ఎవరు చెప్పగలరు?"

ఒక తల్లి తన బిడ్డ కోసం ఫిర్యాదు చేస్తే పీఆర్, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి, ఆగదని నాకు తెలుసు. బాగా తెలుసు. చేతబడి అని బెదిరించి పేదల దగ్గర కోళ్లు గుంజుకునే భూతవైద్యుల్ని ఎంతమందిని నిలదీశాను. వాళ్లు చేసే పని ఏమిటి? ఎదుటివాళ్లకు తెలియని దాన్ని చూపించి భయపెట్టడం. నేను చేసిందీ అదే. నా భూతం పేరు ఇమిగ్రేషన్, అంతే తేడా.

సరళ కుర్చీలో కూలబడింది.

"సగం గుండుతోని బడికెట్ల పోతడు? అడుగరా అందరు?"

"మిగతా సగం కూడా తీసేద్దాం. తిరుపతి మొక్కు అని చెప్పండి."

"మాది వేములాడ రాజన్న," అంది. తర్వాత తలెత్తి నా వంక చూసింది. "నువ్వు దేవుణ్ణే నమ్మవు గదన్నా. పోయినేడు బతుకమ్మ కాడ మైకు పట్టుకొని మమ్మల్నందర్ని కడిగితివి. గిప్పుడు నువ్వే మొక్కంటున్నవా?"

వెటకారం కాదది. నిజంగానే అర్థం కాక అడిగింది.

"అవసరమమ్మా," అన్నాను.

తువ్వాలు తేవడానికి ఆమె లోపలికి వెళ్లింది. ప్రణీత్‌ను స్టూలు మీద కూర్చోబెట్టాను. జేబులోంచి ట్రిమ్మర్ తీసి ఆన్ చేశాను. ఆ చప్పుడుకు వాడి భుజాలు బిగుసుకున్నాయి. తిరిగి చూశాడు. నా చేతిలోని దాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"అంకుల్," అన్నాడు మెల్లగా, "దట్స్ ద సేమ్ వన్."

తల్లి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నేను ఆపేయవచ్చు. మోకాళ్ల మీద కూర్చుని, అవును నాన్నా, అదే, మా కార్తీక్ చేశాడు, నన్ను క్షమించు అనవచ్చు. నేను ఎడమచేత్తో వాడి తల ముందుకు వంచాను. మిగిలిన జుట్టు తీసేశాను. నా అరచేతి కింద ఆ తల వణుకుతూనే ఉంది. మధ్యలో సరళ వచ్చి కొడుకు మెడ చుట్టూ తువ్వాలు కప్పి, రాలిన వెంట్రుకలు చేత్తో పోగు చేసింది. క్యాంపులో వాళ్లు సగం చేశారు. పూర్తి చేసింది నేను.

బడి తెరిచాక వైస్ ప్రిన్సిపాల్ నాకు ఫోన్ చేసింది. టీమ్‌కు సాయం చేసే తల్లిదండ్రుల్లో నేనొకణ్ని, అదీగాక ఆ కుటుంబం భాష మాట్లాడేవాణ్ని. మిగతా కొత్తవాళ్లు సరదాకి గుండు చేయించుకున్నామన్నారట, ప్రణీత్ మొక్కు అన్నాడట, కాని ఒక టీచరు వాడి తల, చేతులు చూసి అనుమానపడిందట. వెళ్లాను. ఆ గదిలో కోచ్ కూడా ఉన్నాడు. అది మతాచారమా అని ఆమె చాలా జాగ్రత్తగా అడిగింది. అవునన్నాను. మా వాళ్లలో దేవుడికి జుట్టు మొక్కుకునే ఆచారం ఉందని, మైకులో చెప్పినంత స్పష్టంగా వివరించాను. చేతుల మాటో అంటే, ప్రాక్టీసులో టేపు గట్టిగా చుట్టుకున్నాడన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. అడిగినందుకు క్షమించమంది. మీ సంప్రదాయం మీద మాకు గౌరవం ఉందంది. కోచ్ నేల చూపులు చూస్తున్నాడు. అతనికి తెలుసు. నాకు తెలుసని అతనికి తెలుసు. బయటికొచ్చాక నా భుజం తట్టాడు. ఆ తట్టు నాకు ఇప్పటికీ ఒంటి మీద పురుగు పాకినట్టు ఉంటుంది.

దేవుడి పేరు చెబితే ఈ దేశంలో మర్యాదస్తులెవరూ ఆపై ప్రశ్నించరు. అది నాకు తెలుసు. ఆ మర్యాదను మూఢత్వమని తిట్టినవాణ్ని నేనే, దాని చాటున దాక్కున్నవాణ్నీ నేనే.

ప్రణీత్ టీమ్ మానేశాడు. ఆ చలికాలంలోనే ఆ కుటుంబం ఎడ్మంటన్ వెళ్లిపోయింది. వెళ్లేముందు సరళ మా ఇంటికి వచ్చి, చేసిన సాయానికి నాకు దండం పెట్టింది. నేను ఆ దండాన్ని తీసుకున్నాను.

బాధ్యత ఎవరిది? ఇన్నేళ్లూ ఈ ప్రశ్నను నాకు అనువుగా తిప్పుకుంటూ వచ్చాను. కోచ్‌ది, తను కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ జరుగుతున్నదేలే అని చూసీ చూడనట్టు క్యాబిన్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. బడిది, రాత్రివేళ ఆ పిల్లల దగ్గర పెద్దవాళ్లు ఎవరుంటారో ఎన్నడూ కనుక్కోలేదు. పై తరగతి పిల్లలది, కాని వాళ్లూ కట్టబడినవాళ్లే. ఇలా పంచుకుంటూ పోతే చివరికి ఒక్కొక్కరి చేతిలో చిటికెడే మిగులుతుంది, దాన్ని దులిపేసుకుని ఇంటికి పోవచ్చు. అది తప్పుడు తర్కం. బాధ్యత రొట్టె కాదు, ముక్కలు చేస్తే తరిగిపోవడానికి. కోచ్‌ది మొత్తం కోచ్‌దే. బడిది మొత్తం బడిదే. పదహారేళ్లవాడైనా కార్తీక్‌ది కార్తీక్‌దే. నాది పూర్తిగా నాది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, మిగతావాళ్లు చేసింది అప్పటికింకా బయటపడే వీలుండేది. నేను అబద్ధం చెప్పాక ఆ వీలు పోయింది.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? మంచివాణ్నయ్యానని కాదు. భయం పెరిగింది, అందుకు.

కార్తీక్ ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. వారాంతాల్లో అదే బడి టీమ్‌కు అసిస్టెంట్ కోచ్‌గా సాయం చేస్తున్నాడు. ఈ వేసవిలో ఒకరోజు తింటూ తింటూ, ఈసారి క్యాంపుకు పెద్దవాళ్ల తరఫున నేను వెళుతున్నాను అన్నాడు. ఆ పని ఇంకా జరుగుతోందా అని అడిగాను. నవ్వాడు.

"ఇట్స్ నథింగ్, నాన్నా. ఎవరికీ ఏం కాలేదు. యూ ఫిక్స్‌డ్ ఇట్, రిమెంబర్?"

ఎవరికీ ఏం కాలేదు. ఆ మాట వాడు కనిపెట్టింది కాదు. నేను నేర్పింది. వాడు నాకు భయపడాల్సిన రోజున నేను వాడికి కాపలా కాశాను. ఆ రోజు నుంచి తను చేసింది తప్పు అనుకునే అవకాశమే వాడికి లేకుండా పోయింది. ఇంకొన్ని రోజుల్లో, అలా పెరిగినవాడి చేతికి కొత్త పిల్లల్ని అప్పగించబోతున్నారని అప్పుడు తట్టింది.

సరళ నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. నా గొంతు విని సంతోషపడింది. అంతా చెప్పాను. ట్రిమ్మర్ సంగతి, పీఆర్ సంగతి, నేను బడిలో చెప్పిన సంగతి. వాడు ఇప్పటికీ మంగలి షాపులో కూర్చోడన్నా, కత్తెర తీసుకుని నేను మెల్లగ కత్తిరిస్త, వెనక నిలబడితె ఓర్చుకోడు అంది. ఎందుకో ఇన్నేండ్లు సమజు కాలె అంది. తర్వాత కట్ చేసింది. మళ్లీ ఫోన్ రాలేదు. నేను చేయలేదు. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు, అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.

బడికీ వెళ్లాను. కొత్త ప్రిన్సిపాల్. నా కొడుకు పేరుతో సహా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ధన్యవాదాలు చెప్పి, విచారిస్తామంది. కార్తీక్‌ను ప్రస్తుతానికి దూరంగా ఉండమన్నారు. వాడు ఇంటికి రావడం, నాతో మాట్లాడటం మానేశాడు. తలుపు చప్పుడైతే వాడేమో అని లేస్తాను. వాడు వస్తాడేమోనని భయం, రాడేమోనని భయం. క్యాంపు మాత్రం రద్దు కాలేదు. పాత కోచ్ ఇంకా ఉన్నాడు.

తేలిక పడ్డానా? ఏమో. నిన్న రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను, గ్రూపులో ఏం వచ్చిందో చూడలేదు. అంతవరకే చెప్పగలను. సరళ క్షమించిందని కాదు. ప్రణీత్ క్షమించాలని నేను కోరను. దాచేది లేకుండా పోయింది, అంతే.

ఇక మీ సంగతి. మీ పిల్లవాడు ఏ టీమ్‌లో ఉన్నా, ఏ హాస్టల్లో ఉన్నా, ఈ రోజే వాణ్ని మీ ఎదురుగా కూర్చోబెట్టండి. నిన్నెవరైనా ఏమైనా చేశారా అని అడిగి ఊరుకోకండి. ఆ ప్రశ్న ప్రతి తల్లీ తండ్రీ అడుగుతారు. నువ్వెవరినైనా ఏమైనా చేశావా అని అడగండి. వాడు నవ్వినా, విసుక్కున్నా, జవాబు వచ్చేదాకా లేవకండి. జవాబు వచ్చాక, వాణ్ని వెంటబెట్టుకుని ఆ రెండో పిల్లవాడి ఇంటికి వెళ్లి తలుపు తట్టండి.